నాలుగో పేరా

"ప్రతివాది తాగుడుకు బానిసై, పిటిషనరును చేతులతోనూ కాళ్ళతోనూ కొట్టి, ఒంటిమీద కిరోసిన్ పోసి చంపుతానని పలుమార్లు బెదిరించినాడు."

తొమ్మిదేళ్ళుగా ఈ వాక్యం టైపు చేస్తున్నాను. చేస్తున్నాను అనడం కూడా గొప్పే. చేసింది ఒక్కసారి. ఆ తర్వాతంతా పేర్లూ ఊర్లూ మార్చి ప్రింటు తీయడమే. మదనపల్లెలో కోర్టు ఎదురు సందులో రెండో అంగడి నేను కూర్చునేది. జిరాక్సు, టైపింగు, స్టాంపు పేపర్లు. విడాకుల కేసులకని అడ్వకేటు ప్రకాష్ బాబు సార్ చెప్పి రాయించిన ఫైలు ఒకటి నా కంప్యూటర్లో ఉంది. మొదటి పేరాలో పెళ్ళి, రెండో పేరాలో కాపురం, మూడో పేరాలో పిల్లలు, నాలుగో పేరాలో దెబ్బలు. రేషను కిరోసిన్ ఆగిపోయి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు గానీ మా నాలుగో పేరాకు మాత్రం ఇంతవరకూ కరువు రాలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఫైలు తెరిచి, పిటిషనరు అన్నచోట నా పేరు కొట్టాను. యమున, వయసు ముప్పై నాలుగు. ప్రతివాది అన్నచోట మునిరాజ, నివాసం పుంగనూరు. మూడు పేరాలూ గడగడా దాటేశాను. నాలుగో పేరా దగ్గర చేయి ఆగిపోయింది.

మునిరాజ తాగడు. బీడీ కూడా కాల్చడు. పదకొండేళ్ళలో నా మీద చేయెత్తలేదు.

అదే మాట ప్రకాష్ బాబు సార్‌తో అంటే ఆయన నవ్వాడు. మంచివాడే, నా కేసుకు ఫీజు కూడా వద్దన్నాడు.

"నీ చేత్తో ఎంతమందికి కొట్టినావమ్మా ఆ పేరా! నీదానికి అట్లే ఉంచు."

"సార్, ఆయన నన్ను కొట్టలేదు."

"కొట్టినాడని నేనంటానా? పేరా ఉంచమంటాండా." టీ గ్లాసు పక్కన పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "సూడు యమునమ్మా. ఇద్దరూ కలిసి మాకొద్దు అని సంతకాలు పెడితే ఎవురి తప్పూ ఎవురూ అడగరు. మీ ఆయన పెట్టనంటాండాడు. ఒక్కదానివే అడగల్లంటే ఆయన తప్పు సూపించల్ల. కొట్టినాడనో, ఇంకొకామెను పెట్టుకున్నాడనో. కాపురం ఇంక అతకదు అనుకుంటే తప్పు అడక్కుండా తెంపే అధికారం ఒక్క సుప్రీంకోర్టుకు ఉండాది. ఆడికి పోతావా? పోనీ, ఇల్లు విడిచొచ్చింది ఎవురు? నువ్వు. సట్టం కంటికి తప్పు నీ పక్కనే ఉండాది."

తప్పు నీ పక్కనే ఉంది అనే మాట నాకేమీ కొత్త కాదు. మా అత్త రామలక్ష్మమ్మ పదకొండేళ్ళు అదే చెప్పింది, సెక్షన్ నంబర్లు లేకుండా. "బంగారం మాదిరి మొగుడు. కొట్టడు, తిట్టడు. పిల్లాజెల్లా లేకున్నా ఏలుకుంటాండాడు. ఇంకేం గావల్ల నీకు?" మిషన్ ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేసి, ఎవరిలోనూ ఏ లోపమూ లేదు, ఒక్కోసారి కాదంతే అని చెప్పింది. చదువుకున్న డాక్టరమ్మ ఒప్పుకుంది, లోపం ఎవరిదీ కాకుండానే ఒక పని కుదరకపోవచ్చునని. ఇంటికొచ్చేసరికి ఆ లోపం నాదై, దాన్ని సహించే ఔదార్యం మునిరాజదైపోయింది.

ఇంకేం కావాలి నీకు? పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ బస్సులో పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఈ ప్రశ్ననే నములుకుంటూ ఉండేదాన్ని. మునిరాజ పాల శీతలీకరణ కేంద్రంలో సూపర్‌వైజరు. పాలలో నీళ్ళు కలిపితే నాలుక మీద చుక్కతో పట్టేస్తాడు. ఊరంతా మంచివాడంటుంది. ఒకసారి నాకు నూట మూడు జ్వరం వచ్చింది. "ఈ పూటకు నువ్వు రాగిసంగటి మాత్రం కెలికిపెట్టు, కూర నేను హోటల్లో తెస్తా" అన్నాడు. తెచ్చాడు కూడా. ఆ కూర కథ మూడేళ్ళు చెప్పుకున్నాడు, వచ్చినవాళ్ళందరికీ, నా ముందరే. నూట మూడు జ్వరంలో సంగటి కెలికిందెవరని ఒక్కరైనా అడుగుతారేమోనని చూసేదాన్ని. అడగలేదు. అందరూ నా అదృష్టానికి తల ఊపి పోయేవాళ్ళు. మా అమ్మ పోయినప్పుడు దినాలు కాకముందే ఫోను చేశాడు. కేకలు వేయలేదు, చాలా మెత్తగానే అడిగాడు. "ఎప్పుడొస్తావు? ఈడ అమ్మకు వంట కష్టమైతాండాది."

నేను ఉద్యోగం చేస్తే అది ఆయన గొప్ప. "ఇంట్లో ఒక్కతే ఉంటే బేజారైతాదని పంపిస్తాండా." పంపించడానికి నేను గొర్రెపిల్లనా? టైపు హయ్యర్ డిస్టింక్షన్లో ప్యాసైనదాన్ని. నన్నెవరేమడిగినా జవాబు ఆయనే చెప్పేవాడు. "మా యమునకు వంకాయ పడదు" అని మా చుట్టాల్లో ఎంత ప్రచారం చేశాడంటే పెళ్ళిళ్ళలో నా విస్తట్లో వంకాయ వేయడం మానేశారు. పడనిది ఆయనకు. నాకు వంకాయ అంటే ప్రాణం. పదకొండేళ్ళు నేను వంకాయ తినలేదు. దీన్ని నాలుగో పేరాలో ఎట్లా రాస్తారు? ప్రతివాది పిటిషనరును వంకాయకు దూరం చేసినాడు అనా? నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది.

ఇల్లు వదిలిన రోజు గొడవేమీ జరగలేదు. పొద్దున క్యారియరు అందుకుంటూ "నిన్న పులుసులో ఉప్పు సరిపోయింది" అన్నాడు కూడా. సాయంత్రం పుంగనూరు బస్టాండులో దిగాను. ఇంటికి పోయి, అత్తకు మాత్రలిచ్చి, సంగటికి ఎసరు పెట్టి, ఆయన బనియన్లు నానబెట్టి, ఆయనొచ్చాక ఆయన చెప్పే పాల ఫ్యాటు లెక్కలు వినాలి. అటు పక్క మదనపల్లె బస్సు నిలబడి ఉంది. ఎక్కేశాను. ఏడు నెలలైంది. అంగడి వెనక వీధిలో ఒక గది. మొదటి రోజు వంకాయ పులుసు చేసుకుని చట్టిని వేలితో తుడిచి తిన్నాను.

మళ్ళీ నాలుగో పేరా దగ్గరికి వస్తాను. ఒక అబద్ధమే గదా, అందరూ ఆడేదే గదా, ఆడేసి బయటపడొచ్చు. ఆడేదాన్నేమో కూడా. ఎల్లమ్మ లేకపోతే.

ఎల్లమ్మది రామసముద్రం దగ్గర పల్లె. నలభై అయిదేళ్ళుంటాయి. మొగుడు రోకలితో కొడితే కుడిచేతి చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. పోయిన ఏడాది ఆమె అఫిడవిట్టు నేనే కొట్టాను. కొట్టడమేముంది, పేర్లు మార్చాను. ఆమె స్టూలు మీద కూర్చుని ఏదో చెప్పబోతే "సార్ అంతా చెప్పినాడులేమ్మా, ఈడ ఏలిముద్ర ఎయ్యి" అన్నాను. వెనకాల ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు మరి. పోయిన నెల విచారణ రోజు అవతలి వకీలు ఆమెను ఒకే ప్రశ్న అడిగాడు.

"నీ మొగుడు కిరసనాయిలు పోసినాడా?"

"లేదు సామీ. మా ఇంట్లో కిరసనాయిలు యాడిది?"

"అయితే అఫిడవిట్టులో అబద్ధం రాసినావా?"

ఆమెకు చదువు రాదు. ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు. అంతే, కేసు కొట్టేశారు. ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమే అయ్యాయి. ఆ రోజు ఆమె అంగడి దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గడప దగ్గర నిలబడి మెల్లగా అడిగింది. "నా ఏలు ఇరిగింది దాంట్లో రాసినావా తల్లీ?"

రాయలేదు. నాలుగో పేరాలో వేలు లేదు. ఆ ఆడమనిషికి దేవుడిచ్చిన సాక్ష్యం ఒంటి మీదే ఉంటే, నేను దాన్ని వదిలేసి లేని కిరోసిన్ పోశాను. ఇప్పుడు మళ్ళీ అదే పేరా నా కోసం, దెబ్బ తినని నా కోసం? నేనొకతి బయటపడడానికి ఆ అబద్ధాన్ని ఇంకోసారి వాడితే, నిజంగా దెబ్బ తిన్నవాళ్ళు రేపు ఎవరొచ్చి చెప్పినా జడ్జికి అది ఉత్త పేరాగానే కనపడుతుంది. కంప్యూటరు ఆపేసి లేచాను. అబద్ధం రాయను. కాపురానికీ పోను. ఈ రెండూ కుదిరే దారి ఏదో నాకే తెలియదు.

మర్నాడు శనివారం కుప్పం బస్సెక్కాను. అక్కడికి దగ్గరి పల్లెలోనే మా అమ్మమ్మ హనుమక్క ఉంటుంది. ఎనభై దాటినా నాలుగు గొర్రెల్ని వదలదు. మా తాత ఆమెకు రెండో మొగుడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నేను పోయేసరికి వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. పక్కన కూర్చుని నేనూ చేయి వేశాను.

"అవ్వా, మొదటాయన్ని ఎట్ల ఇడిస్తివి నువ్వు?"

చేయి ఆపకుండానే చెప్పింది. "ఎట్లేముందిమే. కులపెద్దలు కూసున్నారు. ఏం తప్పు చేసినాడుమే వాడు అని అడిగిరి. తప్పేం లేదప్పా, నాకు వానితో పొసగలే, నేనుండను అంటి. మూడుసార్లు అడిగిరి, మూడుసార్లూ అదే అంటి. పుల్ల ఇరిసి ఇద్దురి సేతుల్లో సెరొక ముక్క పెట్టిరి. ఆ పొద్దే నా గొర్లు తోలుకొని వచ్చేస్తి."

"తప్పు సూపించకుండానే ఒప్పుకున్నారా?"

"పెండ్లి సేసేటప్పుడు వాడేం మంచి సేసినాడని నన్ను ఎవురన్నా అడిగిరా? ఇడిసేటప్పుడు మాత్రం తప్పు సెప్పల్లనా?" గంపలోకి గింజలు విసిరింది. "ఊరికే పోలేదులే. పదేండ్లు నన్ను ఒక పెండ్లికి పిలవలే. పోనీ అనుకుంటి. పెండ్లికి పోయి నేనేం సూడల్ల?"

నేను ప్రకాష్ బాబు సార్‌కు ఫోను చేసి అడిగాను, ఈ పుల్ల ఇప్పుడు చెల్లుతుందా అని. కులాచారం ఉంటే చట్టం కాదనదు, అయితే ఆ ఆచారం ఇప్పటికీ నడుస్తోందని రుజువు చేయాలి, మొగుడూ పెద్దలూ ఒప్పుకుని కూర్చోవాలి, అయ్యే పని కాదు అన్నాడు. చదువు రాని మా అవ్వకు దొరికింది డిస్టింక్షన్ తెచ్చుకున్న నాకు దొరకలేదని కోపం ముంచుకొచ్చింది. కూర్చోవడం మాత్రం ఎట్లాగూ ఉంది. మునిరాజే మా కులపెద్ద గోపాలప్పను పిలిపించి ఆదివారం ఇంట్లో మాట్లాడదామని కబురు పెట్టి ఉన్నాడు. అవ్వ గంప పక్కకు నెట్టి లేచింది. "నేనూ వస్తాండా పద" అంది.

ఆదివారం పొద్దున పదింటికి పుంగనూరులో మా అత్త ఇంట్లో అడుగుపెట్టాం. గోపాలప్ప కుర్చీలో, మునిరాజ పక్కన ఇస్త్రీ చొక్కాలో. అత్త నన్ను చూడగానే మొదట అన్నమాట ఇది. "వచ్చినావు గదా, అందురికీ కాఫీ పెట్టుపో."

నేను లేచాను. నిజంగా లేచాను. పదకొండేళ్ళ అలవాటు మరవడానికి కాళ్ళకు ఏడు నెలలు ఏం సరిపోతాయి? అవ్వ నా చీర కుచ్చిళ్ళు పట్టి గట్టిగా కిందికి లాగింది. కూర్చున్నాను. కాఫీ లేకుండానే పంచాయితీ మొదలైంది.

"మామా, ఒక్కటి అడుగు దీన్ని" అన్నాడు మునిరాజ. గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. "నేను సేసిన తప్పు ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి సెప్పమను. ఇప్పుడే సంతకం పెడతా."

గోపాలప్ప నా వైపు తిరిగాడు. "సెప్పమ్మా. కొట్టినాడా?"

"లేదు మామా."

"అనుమానమా?"

"లేదు."

"మరి యాల పోతాండావు?"

"ఉండలేక."

"అది కారణం గాదు గదమ్మా."

అందరూ నన్నే చూస్తున్నారు. పదకొండేళ్ళలో ఈ ఇంట్లో నేను అంతసేపు ఎవరి కళ్ళకూ కనపడింది లేదు. జ్వరం, వంకాయ, అమ్మ దినాలు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని చెప్తే తేలిపోతాయని నాకు తెలుసు. ఒక్కొక్కదానికీ ఆయన దగ్గర ఒక మెత్తటి జవాబు ఉంటుంది. పెళ్ళి చేసేటప్పుడు కారణం ఎవరడిగారన్న అవ్వ మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది.

"మునిరాజా, నీ తప్పేం లేదు. కావల్లంటే రాసిస్తా. నేను పోయేదానికి కారణం అందురూ అడుగుతాండారు. నన్ను ఉండమనేదానికి నీ కారణం ఏందో నువ్వు రాయి. రాసిస్తే ఆలోచన సేస్తా."

అదేమంత పని అన్నట్టు ఆయన జేబులోంచి డెయిరీ స్లిప్పుల బుక్కు తీశాడు. ముత్యాల్లాంటి చేతిరాత ఆయనది. ఒక స్లిప్పు వెనకవైపు నిదానంగా రాశాడు. మధ్యలో ఒకసారి పెన్ను ఆపి పైకప్పు వైపు చూశాడు. అబద్ధమెందుకు, ఏదైనా ఒక్క మాట రాస్తాడేమోనని ఆశపడ్డాను. రాసి, రోజూ స్లిప్పు కింద వేసే అలవాటు చొప్పున సంతకం గీకి, తేదీ వేసి చింపి ఇచ్చాడు. గోపాలప్ప కళ్ళద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు.

"అమ్మకు షుగరు ఉంది. వేళకు సంగటి, మాత్రలు ఇవ్వాలి. నాకు పొద్దున అయిదుకు డ్యూటీ, క్యారియరు కావాలి. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే మనిషి లేదు. బట్టలు పేరుకుపోయాయి. నలుగురిలో తల ఎత్తుకోలేకున్నాను."

అటు తిప్పి చూశాడు. అటువైపు ఫ్యాటు లెక్క. "అంతేనా మునిరాజా?"

"అంతే మామా. ఇంకేముంటాది?"

ఆయన నిజంగానే అడిగాడు. ఆ ముఖంలో కపటం లేదు, దానికే నాకు భయమేసింది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందరే ఏడ్చాను, సిగ్గుపడలేదు. పదకొండేళ్ళు నేను పేరు పెట్టలేక కొట్టుమిట్టాడిన విషయాన్ని ఆయన అయిదు లైన్లలో రాసిచ్చాడు. అందులో నేను లేను. యమున అనే పేరు కూడా లేదు.

అవ్వ ముక్కు చీదుకుని అంది. "గోపాలప్పా, ఈ పనులకు ఒక మనిషిని సూసిపెట్టప్పా ఈయప్పకు. నా మనవరాలిని నేను తోలుకుపోతాండా."

గోపాలప్ప పుల్ల విరవలేదు. ఆ కాలం పోయింది, కోర్టులోనే తేల్చుకోండి అన్నాడు. నేను చేయి చాపితే స్లిప్పు మాత్రం నా చేతిలో పెట్టాడు. మునిరాజ జంట పిటిషనుకు సంతకం పెట్టనన్నాడు. తప్పు చెప్పలేదు గదా అన్నాడు. గడప దాటుతుంటే అత్త వెనక నుంచి "పొయ్యేది పోతాండావు, ఆ పాలకు తోడన్నా ఏసిపో" అంది. వెనక్కి తిరగలేదు.

సోమవారం పొద్దున్నే ఎల్లమ్మకు ఫోను చేసి పిలిపించాను. అప్పీలుకు ఇంకా రోజులున్నాయి. పై కోర్టు ఇప్పుడు కొత్త మాట వింటుందో లేదో నాకు తెలియదు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫైలు తెరవకుండా తెల్ల పేజీ తెరిచి, "నువ్వు సెప్పు, నేను కొడతా" అన్నాను. ఆమె వేలితో మొదలుపెట్టింది. గంటన్నర పట్టింది. వెనక నిలబడ్డవాళ్ళు సణిగారు. సణగనీ అనుకున్నాను. ఆమె పోయాక నా కంప్యూటర్లో పాత నాలుగో పేరాను తుడిచేసి, నాది రాసుకున్నాను.

మధ్యాహ్నం ప్రకాష్ బాబు సార్ నిలబడే చదివాడు.

"నాలుగు. ప్రతివాది నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. ఆయన తప్పేమీ లేదని ఒప్పుకుంటున్నాను. నేను ఆయనకు ఎందుకు కావాలో ఆయన స్వహస్తంతో రాసి సంతకం చేసిన కాగితం జతచేస్తున్నాను. అందులో భార్య అవసరం ఉన్నది ఏదీ నాకు కనపడలేదు. నేను ఆ ఇంట్లో ఉండను."

కింద పిన్ను గుచ్చిన స్లిప్పు కూడా చదివాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఏ సెక్షన్ కిందికీ రాదమ్మా. ఇంత నిజం రాస్తే జడ్జిగారు ఏం సేస్తాడు పాపం? కోర్టోళ్ళు దీనికి కేసు నంబరు ఏసేదే కష్టం. ఏసినా కొట్టేస్తారు."

ప్రింటుకు మూడు కాపీలు పెట్టాను.

"కొట్టేయనీండి సార్. అప్పీలు కూడా నేనే టైపు చేసుకుంటా."